కిటికీ మార్చాలంటే ఊరి అనుమతి!

మీ ఇంటి వీధివైపు కిటికీ పాడైపోయిందనుకోండి. చెక్క పుచ్చిపోయింది, రెక్క సరిగ్గా మూతపడటం లేదు. ఏం చేస్తారు? వడ్రంగిని పిలుస్తారు. లేదంటే అల్యూమినియం కిటికీల షాపుకెళ్ళి కొలతలిచ్చి, అడ్వాన్సు కట్టి వస్తారు. అంతే కదా! అలా కాకుండా ఆ కిటికీకి ఫొటోలు తీసి, డ్రాయింగులు గీయించి, దరఖాస్తు పెట్టుకుని, ‘ఈ ఇంటికి ఫలానా మార్పు చేయబోతున్నారు, చెప్పాల్సింది ఉంటే వచ్చి చెప్పండి’ అని ఇంటి ముందు బోర్డు పాతించుకుని, ఒక సాయంత్రంపూట ఊళ్ళోవాళ్ళ ముందు నిలబడి ‘మా కిటికీ మేం మార్చుకోవచ్చా?’ అని అడగాల్సి వస్తే?

నాకైతే నవ్వొచ్చింది. మా అల్లుడికి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మా అమ్మాయి వాళ్ళుండేది అమెరికాలో, సౌత్ కరోలినా రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్ళో. చార్ల్‌స్టన్ నగరానికి కారులో రెండు గంటల దూరం. ఊరిపేరు రాయొద్దని అల్లుడు మరీ మరీ చెప్పాడు గనుక రాయడం లేదు. వాళ్ళు కొనుక్కున్నది నూరేళ్ళు దాటిన చెక్క ఇల్లు. ముందు పొడవాటి వరండా, అందులో గొలుసులతో వేలాడే ఉయ్యాల బల్ల, ఎత్తయిన గదులు, నిలువెత్తు కిటికీలు పద్నాలుగు. మొదటిసారి వీడియోలో చూపించినప్పుడు, ‘ఇదేమిటే, అంత దూరం వెళ్ళి తాతయ్యగారి ఇంటిలాంటిది కొన్నావు!’ అన్నాను. కాగితాల్లో ‘హిస్టారిక్ డిస్ట్రిక్ట్’ అని రాసుంటే ఇద్దరూ మురిసిపోయారు కూడా. ఆ మాటకి అసలు అర్థమేమిటో కిటికీల దగ్గరకొచ్చేసరికి తెలిసింది.

పసివాడి రక్తంలో సీసం

క్రిందటేడు నేను వెళ్ళిందే మనవడి కోసం. అప్పుడే ఏడాది నిండింది వాడికి. గోడ పట్టుకుని నడుస్తూ, కనిపించినదల్లా నోట్లో పెట్టుకునే వయసు. వాడికి అన్నిటికన్నా ఇష్టమైన చోటు హాల్లో కిటికీ గట్టు. గడ్డం ఆనించి వీధిలో పోయే కార్లు చూస్తాడు. చూస్తూ చూస్తూ గట్టుని కొరుకుతాడు. పళ్ళొచ్చే పిల్లలు మన దగ్గర మంచం పట్టెలు కొరకరూ? అలాగే.

అక్కడ ఏడాది నిండిన పిల్లలకి రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేస్తారు. ఒక డెసిలీటరు రక్తంలో 3.5 మైక్రోగ్రాములు ఉంటే జాగ్రత్తపడాలన్నది 2021 నుంచి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న లెక్క. మావాడికి 6 వచ్చింది. ‘కంగారుపడకండి, కానీ పిల్లల మెదడు ఎదిగే వయసులో సీసం ఏ కొంచెమైనా మంచిది కాదు, ఎక్కణ్ణించి వస్తోందో వెతకండి’ అంది డాక్టరమ్మ. ఆవిడ మమ్మల్ని మొదట ఏమడిగిందో తెలుసా? పిల్లాడికి కాటుక పెడుతున్నారా? పసుపు ఎక్కణ్ణించి తెచ్చుకున్నారు? కుంకుమ? ఆయుర్వేదం మందులేవైనా పోస్తున్నారా? మనసుకి కాస్త కష్టంగానే అనిపించింది. కానీ ఆవిడ అడగడంలో తప్పులేదు. కొన్ని రకాల బజారు కాటుకల్లో, సింధూరాల్లో సీసం ఉంటోంది. రంగు కోసం పసుపులో సీసం ఉన్న పొడి కలపడాన్ని బంగ్లాదేశ్‌లో పరిశోధకులు 2019లో బయటపెట్టారు కూడా. మా అమ్మాయి వంటింట్లో డబ్బాలన్నీ పరీక్షకి పంపింది. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

దొరికింది కిటికీ గట్టు మీద. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం వాడకూడదని అమెరికాలో 1978లో నిషేధించారు. ఆ ఇంటికి అంతకుముందు అరవై ఏళ్ళపాటు వేసిన రంగులన్నీ పొరలు పొరలుగా ఆ కిటికీల మీదే ఉన్నాయి. అక్కడి పాత కిటికీలు మనవాటిలా బయటికి తెరుచుకోవు, రెక్కలు పైకీ కిందికీ జరుగుతాయి. జరిపినప్పుడల్లా చెక్కకీ చెక్కకీ రాపిడి. పాత రంగు పొడిగా రాలి గట్టు మీద, నేలమీద పడుతుంది. అక్కణ్ణించి పిల్లవాడి చేతికి, చేతినుంచి నోటికి.

ఆ వారంలోనే అల్లుడు కంట్రాక్టరును పిలిచాడు. పద్నాలుగు కిటికీలూ పీకేసి వినైల్‌వి, అంటే ప్లాస్టిక్ కిటికీలన్నమాట, పెట్టించడానికి బేరం కుదిరింది. చెక్కు రాసివ్వబోతుంటే పక్కింటి పెద్దావిడ తన వరండాలోంచే, ‘బోర్డువాళ్ళని అడిగారా?’ అంది.

ఇంటి లోపల మీ ఇష్టం, వీధివైపు ఊరి ఇష్టం

సంగతేమిటంటే, అక్కడ ఏ ఊరికి ఆ ఊరు తన పాత వీధుల చుట్టూ ఒక గీత గీసి పెట్టుకుంటుంది. ఆ గీత లోపలున్న ఇంటికి బయటివైపు మార్పు చేయాలంటే ఊరి బోర్డు చూడాలి. చూసి, ‘ఇది ఈ ఇంటికీ, ఈ వీధికీ తగిన మార్పే’ అని ఒక కాగితం ఇవ్వాలి. దాన్ని సర్టిఫికెట్ ఆఫ్ అప్రోప్రియేట్‌నెస్ అంటారు. ఆ మాట నోరు తిరగడానికే నాకు వారం పట్టింది. ఇలాంటి బోర్డులు ఆ దేశంలో రెండు వేలకు పైగా ఊళ్ళలో ఉన్నాయి.

ఇందులో చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పాత కట్టడాలకు కేంద్ర ప్రభుత్వం వేరే జాబితా ఒకటి రాసుకుంటుంది, నేషనల్ రిజిస్టర్ అని. అందులో మీ ఇల్లున్నంత మాత్రాన మీ సొంత డబ్బుతో చేసుకునే మార్పులకి ఎవరూ అడ్డుచెప్పరు. అది గౌరవం మాత్రమే. అడ్డుచెప్పే అధికారమంతా ఊరి చట్టానిది. ఢిల్లీవాళ్ళు శాలువా కప్పితే, పంచాయతీవాళ్ళు పర్మిషన్ అడిగినట్టన్నమాట!

బోర్డు చూసేది మామూలుగా వీధిలోంచి కనిపించే భాగాన్నే. ఇంటి లోపల వంటిల్లు పడగొట్టి హాలు చేసుకున్నా, హాలు తీసి పడగ్గది చేసుకున్నా అడిగేవాడు లేడు. పైకప్పు, కిటికీలు, వరండా స్తంభాలు, ప్రహరీ, కొత్తగా కలిపే గదులు... వీటి దగ్గరే పేచీ. విరిగిన మెట్టు అతికించుకోవడం, కారుతున్న చోట మరమ్మతు చేయించుకోవడం లాంటి రోజువారీ పనులకి బోర్డు దాకా పోనక్కర్లేదు. చిన్నవాటికి ఆఫీసులో ఉన్న ఉద్యోగే సంతకం పెట్టేస్తాడు. వాళ్ళు అనుసరించే సూత్రాలు ఎక్కువచోట్ల ఒకటే. కేంద్రం రాసిపెట్టిన పది సూత్రాలవి. నాకు బాగా గుర్తుండిపోయిందేమిటంటే, బాగుచేయడానికి వీలైనదాన్ని మార్చకూడదు. మార్చక తప్పకపోతే పాతదాని ఆకారం, తీరు కొత్తదానికి రావాలి. మా అమ్మమ్మ కూడా గంగాళానికి కన్నం పడితే మాటువేయించేదిగానీ కొత్తది కొననిచ్చేది కాదు.

ఆడవాళ్ళు మొదలుపెట్టారు

ఈ పద్ధతి ఆ దేశంలో మొట్టమొదట పుట్టింది చార్ల్‌స్టన్‌లోనే, 1931లో. ఒక శనివారం నన్ను చూడటానికి తీసుకెళ్ళారు. చూడాల్సిన ఊరే! ఇళ్ళన్నీ వీధికి పక్కవాటుగా నిలబడి ఉంటాయి. వీధివైపు ఒక్క గది వెడల్పే, మిగతా ఇల్లంతా లోపలికి పొడుగ్గా. ఆ పొడుగునా ఒక వైపు రెండంతస్తుల వరండాలు. తమాషా ఏమిటంటే వీధిగుమ్మం తలుపు తీస్తే ఇంట్లోకి కాదు, వరండాలోకి వెళ్తాం. సముద్రపు గాలి కోసం అలా కట్టుకున్నారు. ఉక్కపోతలో మన కోస్తాకి ఏమాత్రం తీసిపోని ఊరది.

1920ల నాటికి ఆ ఊరు బాగా చితికిపోయి ఉంది. పాత ఇళ్ళలోని చెక్కడపు చెక్కపనిని, ఇనుప గ్రిల్లుల్ని ఊడబెరికి బయటి ఊళ్ళవాళ్ళకి అమ్ముకుంటున్నారు. కార్లు కొత్తగా వచ్చిన రోజులు, ఏ మూల చూసినా పెట్రోలు బంకు కోసం ఇల్లు పడగొట్టడమే. అప్పుడు అడ్డుపడినావిడ సుసాన్ ప్రింగిల్ ఫ్రాస్ట్. కోర్టులో స్టెనోగ్రాఫరుగా పనిచేసి, ఆడవాళ్ళకి ఓటుహక్కు కోసం పోరాడి, ఇళ్ళ క్రయవిక్రయాల వ్యాపారంలోకి దిగిన మనిషి. ట్రాడ్ స్ట్రీట్‌లో శిథిలమైపోతున్న ఇళ్ళు ఒక్కొక్కటే అప్పు చేసి కొని బాగుచేయించేది. 1920లో జోసెఫ్ మానిగాల్ట్ అనే పెద్దమనిషి 1803లో కట్టుకున్న మేడని కూల్చేస్తారని తెలిసి, పాత ఇళ్ళ రక్షణకి ఒక సంఘం పెట్టింది. సంఘంవాళ్ళు మేడ కొన్నారుగానీ అప్పు తీర్చలేకపోయారు. ఆ భారాన్ని నెల్ ప్రింగిల్ అనే మరో ఇల్లాలు, ఆవిడ భర్త నెత్తిన వేసుకుని ఏళ్ళ తరబడి మోశారు. మేడ నిలబెట్టుకోవడానికి దాని తోటలో కొంత భాగాన్ని చివరికి పెట్రోలు బంకుకే అమ్మాల్సి వచ్చింది! 1933లో మేడ మ్యూజియం చేతికి వెళ్ళింది. ఇప్పుడు టిక్కెట్టు కొనుక్కుని చూడొచ్చు.

ఇలా ఒక్కో ఇంటికీ అప్పులపాలైతే ఎంతకాలం? అందుకే ఊరు చట్టం చేసింది. సుమారు 138 ఎకరాల పాత భాగానికి గీత గీసి, సమీక్షకి బోర్డు పెట్టింది. మొదట్లో కూల్చివేతల్ని ఆపే అధికారం లేదు, అది 1960లలో గట్టిపడింది. ఆ 1931లోనే డొరతీ లెగ్ అనే ఆవిడ ఈస్ట్ బే స్ట్రీట్‌లో ఒక పాడుబడ్డ ఇల్లు కొని గులాబీ రంగు వేయించింది. పక్కవాళ్ళూ తలో రంగూ వేశారు. ఇప్పుడు ఆ పదమూడు ఇళ్ళ వరుసని ‘రెయిన్‌బో రో’ అంటారు. ఊరికి వచ్చినవాళ్ళంతా అక్కడే ఫొటోలు దిగుతారు. మేమూ దిగాం.

అయితే గైడు చెప్పని కథ ఇంకొకటుంది. ఆ శిథిలమైన ఇళ్ళలో అప్పటిదాకా అద్దెకున్నవాళ్ళు ఎక్కువగా నల్లజాతి పేదవాళ్ళు. ఇళ్ళు బాగుపడ్డాక వాళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. తరువాత 1950ల చివర్నుంచి ఆన్సన్‌బరో అనే పేటలోనూ అదే జరిగింది. ఇళ్ళు మిగిలాయి, మనుషులు మారిపోయారు. ఆ రంగురంగుల ఇళ్ళ ముందు నిలబడి ఫొటో దిగేటప్పుడు నాకీ సంగతి తెలియదు. పక్కింటి పెద్దావిడ తరువాత చెప్పింది. ఆవిడా నల్లజాతి మనిషే. వాళ్ళ మేనత్త కుటుంబం అలా లేచిపోయినవాళ్ళలో ఒకటట.

హైకోర్టు కాదుగానీ, దాదాపు అంతే

ఇక మన కిటికీల దగ్గరకొద్దాం. దరఖాస్తు పెట్టిన నెలన్నరకి మీటింగు. ఈలోపు పిల్లవాడిని ఏం చేయాలి? బోర్డు ఆఫీసులో అమ్మాయి చాలా ఓపికగా చెప్పింది, ఇంటి లోపల జాగ్రత్తలకి ఎవరి అనుమతీ అక్కర్లేదని. కిటికీలు తెరవడం మానేశాం. గట్లమీద మందమైన అంటుకాగితం అతికించాం. పొడిగా ఊడవడం మానేసి, రోజూ తడిగుడ్డతో తుడవడం. పిల్లాడి చేతులు తిండికి ముందూ, పడుకునే ముందూ కడగడం. కడుపు ఖాళీగా ఉంటే సీసం ఎక్కువ పడుతుందనీ, ఇనుము, కాల్షియం ఉన్న తిండి పెట్టమనీ డాక్టరమ్మ చెప్పింది. అది నా డిపార్టుమెంటు. రాగిజావ, తోటకూర పప్పు, పైన నిమ్మరసం పిండి... అయిదు నెలలూ ఇదే!

మీటింగు టౌన్ హాల్లో. బోర్డు సభ్యులు ఏడుగురు, జీతాలు లేవు. ఒకాయన ఆర్కిటెక్టు, ఒకావిడ వడ్రంగి మేస్త్రీ - నిజం, ఆవిడే! - మిగతావాళ్ళు ఊళ్ళో మామూలు మనుషులు. మాకన్నా ముందు ఒక ముసలాయన భార్య చక్రాల కుర్చీ కోసం వాలుదారి కావాలన్నాడు. వరండా స్తంభాలు ముట్టుకోకుండా పక్కనుంచి వేసుకోండి అని అయిదు నిమిషాల్లో తేల్చేశారు. తరువాతాయన అనుమతి లేకుండానే ప్లాస్టిక్ కిటికీలు పెట్టించేశాడు. తీసేయాలన్నారు. ఆయన అరిచాడు, వాళ్ళు మెత్తగానే మాట్లాడారు, తీసేయాలన్న మాట మాత్రం మార్చలేదు. మా అల్లుడు నా పక్కన కూర్చుని నుదురు రుద్దుకుంటున్నాడు.

మావంతు వచ్చింది. అల్లుడు ఖర్చుల లెక్కలతో తయారై వచ్చాడుగానీ, మా అమ్మాయి ముందు లేచింది. పిల్లాడి రక్తపరీక్ష కాగితం చూపించి, ‘మీ వీధి అందం నాకూ ఇష్టమే. కానీ నా కొడుకు ఆ కిటికీని కొరుకుతున్నాడు’ అంది. హాల్లో చప్పుడు లేదు. చెప్పాలనుకున్నవాళ్ళు చెప్పొచ్చంటే పక్కింటి పెద్దావిడ కర్ర పట్టుకుని వెళ్ళి, ‘ఈ వీధిలో పిల్లలు పెరగాలంటే వీళ్ళకి దారి చూపించండి’ అంది.

అప్పుడు ఆ వడ్రంగి మేస్త్రీ అడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. ‘పాడైంది కిటికీ చెక్కా, దాని మీద రంగా?’ ఆ పాత చెక్క ఇప్పుడు కొందామన్నా దొరకదట. నిదానంగా పెరిగిన చెట్ల కలప గట్టిగా ఉంటుంది. రెక్కలు ఊడదీసి, వర్క్‌షాపుకి తీసుకెళ్ళి, రంగు పూర్తిగా గీకేసి, రాపిడి తగిలే చోట కొత్త పట్టీలు వేసి తేవచ్చు. ఆ పని చేసేవాళ్ళకి సీసం రంగుతో పనిచేయడంలో శిక్షణ, సర్టిఫికెట్టు ఉండాలి. అది 2010 నుంచి కేంద్రం పెట్టిన నియమం. చివరికి తేలిందేమిటంటే, వీధివైపు కనిపించే ఆరు కిటికీలు బాగుచేయించాలి. వెనకవైపు ఎనిమిదీ మార్చుకోవచ్చుగానీ చెక్కవే పెట్టాలి, అదే ఆకారంలో. పిల్లాడి సంగతి ఉంది గనుక ఆ రాత్రే కాగితం చేతికిచ్చారు.

ఖర్చు? ప్లాస్టిక్ కిటికీలకి అనుకున్నదానికి ఇంచుమించు రెట్టింపయింది. ఉన్న ఇంటిని పద్ధతి ప్రకారం బాగుచేయించుకుంటే ఖర్చులో 25 శాతం దాకా రాష్ట్ర పన్నులో మినహాయించే పథకం ఒకటి ఆ రాష్ట్రంలో ఉంది. దానికీ పని మొదలెట్టకముందే దరఖాస్తు చేయాలి. మా అల్లుడు అన్నీ భద్రంగా ఫైలు చేశాడు. ‘అత్తయ్యా, కొన్నప్పుడు ఇల్లు మనదనుకున్నాను. ముఖం ఊరిదట, వీపు మాత్రమే మనది’ అన్నాడు. ఆ మాటకి నవ్వుకున్నాంగానీ, అతని బాధ అబద్ధం కాదు. ఇద్దరూ సంపాదించేవాళ్ళు గనుక పెట్టుకోగలిగారు. అదే వీధి చివర పింఛను మీద బతికే ఒక ఒంటరి ఆవిడ ఇంటి కప్పు కారుతోంది. పాతరకం కప్పు వేయించలేక ఇల్లు అమ్మకానికి పెట్టింది. నిబంధన పెట్టే ఊరు అలాంటివాళ్ళకి డబ్బుసాయం కూడా పెట్టకపోతే ఆ నిబంధన డబ్బున్నవాళ్ళకే పనికొస్తుందని నేనంటాను.

‘నా ఇంటిమీద నీ పెత్తనమేమిటి?’ అన్న పేచీ వాళ్ళ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. న్యూయార్కులో గ్రాండ్ సెంట్రల్ స్టేషను మీద ఆకాశహర్మ్యం కట్టనివ్వలేదని యాజమాన్యం వేసిన కేసది. ఆ స్టేషనుకోసం జాక్వెలిన్ కెన్నెడీ కూడా వీధిలోకొచ్చింది. 1978లో కోర్టు ఊరిపక్షానే తీర్పిచ్చింది. అలాగని బోర్డులు రాయిలా కదలకుండా కూర్చోవడం లేదు. చార్ల్‌స్టన్‌లో సముద్రపు నీరు వీధుల్లోకి వస్తుంటే, పాత ఇళ్ళని జాకీలతో పైకెత్తుకోవడానికి బోర్డు 2019లో పద్ధతులు రాసిచ్చింది.

మరి మన దగ్గర?

మనకి ఇలాంటివి లేవనుకోకండి. ముంబయిలోనూ, హైదరాబాదులోనూ 1995లోనే వచ్చాయి. హైదరాబాదు జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన చేర్చి, జాబితా తయారుచేసి, హెరిటేజ్ కన్సర్వేషన్ కమిటీని పెట్టారు. ఆ జాబితాలో చార్మినార్‌లాంటివే కాదు, మనుషులు కాపురముండే దేవిడీలూ, బంగళాలూ ఉన్నాయి. వాటికి మార్పులు చేయాలంటే కమిటీ మాట వినాలి. యజమానుల బాధ ఒక్కటే, ‘కూల్చొద్దంటారు, బాగుచేయడానికి రూపాయి ఇవ్వరు’ అని. 2015 డిసెంబరులో ఆ నిబంధనని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఎర్రమంజిల్ భవనం కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అహ్మదాబాదులో ఇంకో ఉపాయం చేశారు. పాత ‘పోళ్’ల్లో చెక్క ఇళ్ళవాళ్ళు ఇల్లు అలాగే ఉంచితే, తాము కట్టుకోని అంతస్తుల హక్కుని వేరేచోట కట్టుకునేవాళ్ళకి అమ్ముకోవచ్చు. ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకోవాలి. 2017లో యునెస్కో ఆ ఊరిని ప్రపంచ వారసత్వ నగరమంది.

నగరాలు దాటితే ఏమీ లేదు. మా పుట్టింటి ఊళ్ళో గుడి తప్ప దేనికీ జాబితా లేదు. మండువా ఇళ్ళు ఒకప్పుడు వీధంతా ఉండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి. అందులో ఒకటి మాది. నేను అమెరికాలో ఉండగానే తమ్ముడు ఫోన్ చేశాడు. ‘అక్కా, మండువా మీద రేకులు వేయించేస్తాను. జల్లు కొడుతోంది, కోతులు దూకుతున్నాయి. స్తంభాలకి పెయింటు కొట్టించేస్తా. సింహద్వారానికి సిటీ నుంచి బేరం వచ్చింది’ అన్నాడు.

2005 చట్టం తరువాత ఆ ఇంట్లో నాకూ సమాన వాటా ఉంది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అన్నది అడ్డుకాదని 2020లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. అంచేత ‘నేనొచ్చేదాకా ముట్టుకోకు, నేనే బోర్డుని’ అన్నాను.

వచ్చాక మా మరదలు కాఫీ ఇచ్చి చెప్పిన మాట ఇది. ‘వదినగారూ, మీరు ఏడాదికి రెండుసార్లొచ్చి మండువాలో కూర్చుని మురిసిపోతారు. వానొస్తే నాలుగువైపులా నీళ్ళు తోసేది నేను. గడపలు దాటలేక మోకాళ్ళు అరిగేది నావి. బియ్యం ఎండబోస్తే కోతులతో యుద్ధం చేసేది నేను.’ ఒక్కటీ అబద్ధం కాదు. ఆ టౌన్ హాల్లో మా అమ్మాయి లేచి నిలబడినట్టే ఉంది నాకు.

ముగ్గురం రెండు రోజులు కూర్చున్నాం. వంటిల్లు, స్నానాలగది పూర్తిగా మరదలి ఇష్టం. టైల్సు వేసుకుంటుందో, గ్రానైటు వేసుకుంటుందో నేను అడగను. మండువా మూయం, పైన ఇనుప చట్రానికి వల బిగిస్తాం. జల్లు పడే రెండు వైపులా చుట్టుకునే తెరలు. లోపలి గడపలకి రెండుచోట్ల చెక్క వాలు. సింహద్వారం అమ్మం. స్తంభాలకి పెయింటు బదులు నూనె పూత. గోడలు సున్నంతో కట్టినవి కాబట్టి ఊడినచోట సిమెంటు మెత్తకుండా సున్నమే వేయిస్తాం. సిమెంటు వేస్తే గోడలో చెమ్మ బయటికి పోలేక లోపల్లోపలే నానుతుంది. ఖర్చులో నా వాటా నేను పెడతాను. వాటా అడిగినదాన్ని ఖర్చుకి వెనక్కి తగ్గితే బాగుండదు కదా!

మీ ఇళ్ళలో పాత కిటికీలకి, తలుపులకి రంగు గీకించాలనుకుంటే మాత్రం ఒక్కమాట. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసానికి గట్టి పరిమితి అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగుల్లో ఎంతుందో ఎవరికి తెలుసు? ఉప్పుకాగితంతో పొడిపొడిగా రుద్దించకండి. తడిపి గీకించండి. ఆ రోజుల్లో పిల్లల్ని, కడుపుతో ఉన్నవాళ్ళని వేరేచోట ఉంచండి. రాలినది ఊడవకుండా తడిగుడ్డతో ఎత్తేయండి.

మావాడికి నేను వచ్చేముందు పరీక్ష చేస్తే 4కి తగ్గింది. మొన్న చేయిస్తే 3 లోపే ఉందని అమ్మాయి ఫోన్ చేసింది. ఇక్కడేమో పెంకులు చాల్లేదు. పక్క ఊళ్ళో ఒక పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిసి తమ్ముడు వెళ్ళి బేరమాడి వచ్చాడు. ట్రాక్టరు ఎల్లుండి వస్తుందట. వాటిని దించి పేర్చడానికి చోటెక్కడా అని మరదలు అప్పుడే పెరడంతా కొలుస్తోంది.